నాలుగు కళ్ల తల్లి పురుగు

వ్యవసాయ విస్తరణాధికారి ఉద్యోగమంటే ఏమిటని ఎవరైనా అడిగితే, రైతు సంచిలోంచి తీసి బల్ల మీద పోసిన ఆకులు చూసి జబ్బు పేరు చెప్పడం అంటాను. మిగతాదంతా సైకిలు తొక్కడం. ఎప్పుడు చేరాను, ఎక్కడెక్కడికి బదిలీ అయ్యాను, ఏ మెట్టు ఎప్పుడు ఎక్కాను అన్నవన్నీ నా సర్వీసు పుస్తకంలో ఉన్నాయి. అవి అక్కడే ఉండనివ్వండి. వాటిని చదివితే మీ పొలంలో ఒక్క పురుగు కూడా చావదు.

కొత్తగా ఈ పనిలోకి వస్తున్న పిల్లల కోసం ఇది రాస్తున్నాను. మంచి పనులు నేనూ కొన్ని చేశాను. చెరకు రైతులు, వరి రైతులు నా పేరు చెప్పుకున్న రోజులున్నాయి. అయితే ఆ మెప్పు వల్ల నేను నేర్చుకున్నది దాదాపు ఏమీ లేదు, కాస్త పొగరు పెరిగిందంతే. నాకు పని నేర్పింది ఒక తప్పు. నర్సీపట్నంలో, డెబ్బయ్యో దశకం చివర్లో చేశాను. దాన్ని తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుగానే ఉంటుంది. సిగ్గు కంటే ఎక్కువగా అయోమయంగా ఉంటుంది. అంత తేలికైన సంగతి అంతమందిమి ఎలా చూడలేకపోయామో ఎంత ఆలోచించినా నాకు అంతుపట్టదు.

గోడ మీద

అప్పట్లో మేము చింతపల్లి రోడ్డు వైపు ఒక వరస ఇళ్లలో అద్దెకుండేవాళ్లం. మా వరండాలో ఒక బల్బు ఉండేది. వానాకాలం కదా, పాములు తిరుగుతాయని మా ఆవిడ దాన్ని తెల్లవార్లూ వెలగనిచ్చేది. పొద్దున్నే వాకిలి ఊడుస్తూ బల్బు కింద రాలిన రెక్కల పురుగులను చీపురుతో పోగు చేసేది. నేను కాఫీ తాగుతూ ఆ పోగులోకి తొంగి చూసేవాణ్ని. వరి కాండం తొలిచే పురుగు తాలూకు తల్లి పురుగులు ఎన్ని పడ్డాయో చూస్తే ఆ వారం పొలాల్లో ఏం జరగబోతోందో కొంత తెలిసేది. గుడ్లు పెట్టే రెక్కల పురుగును మా శాఖలో తల్లి పురుగు అంటాం. ఆకు తినేది దాని పిల్ల.

ఒకరోజు పొద్దున్న మా ఆవిడ చీపురు పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"ఏవండీ, బేగి రండి. గోడ మీద ఏటో ఉన్నాది. పిట్టో పురుగో తెలీడం లేదు."

వెళ్లి చూశాను. బల్బుకు మూరెడు కింద, సున్నం గోడకు కరుచుకుని, రెక్కలు పరుచుకుని ఉంది. జానెడు వెడల్పు. ఇటుక రంగు. నాలుగు రెక్కల మీదా నాలుగు గుండ్రటి కళ్లు. ప్రతి కన్ను మధ్యలోంచి వెనకున్న సున్నం తెల్లగా కనిపిస్తోంది, అక్కడ అద్దం ముక్క పొదిగినట్టు. తల మీద రెండు మీసాలు, ఈత మట్టల్లాగా ఈనెలు ఈనెలుగా ఉన్నాయి. దగ్గరికెళ్లి చూశాను. నాకు అప్పటికి ఇరవై రకాల తల్లి పురుగులు ముఖం చూసి తెలుసు. ఇది వాటిలో ఏదీ కాదు.

"తాకకండి. ఎవరో పెద్దముత్తయిదువులాగుంది," అని మా ఆవిడ లోపలికెళ్లి పిండి జల్లెడ తెచ్చి దాని మీద బోర్లించి పట్టుకుంది. కాసేపటికి ఆమెకే నవ్వొచ్చింది. "పురుగులాఫీసరు ఇంటికి పురుగే నడిసి వొచ్చిందంటే మీకేటో అర్జీ పెట్టుకోడానికే వొచ్చుంటాది. కనుక్కోండి."

నేను కనుక్కోలేదు. దూది పెట్రోలులో ముంచి డబ్బాలో పెట్టి దాన్ని చంపాను. పేరు తెలియని పురుగు కనిపిస్తే మాకు తెలిసిన మొదటి పని అది.

పేరు వెతుకులాట

మా ఆఫీసు గోడకు ఒక రంగుల పటం ఉండేది. పన్నెండు పురుగుల బొమ్మలు. కిటికీలోంచి ఎండ పడీ పడీ పన్నెండూ ఒకటే టీ రంగుకు తిరిగాయి. అందులో ఉన్నవన్నీ పంటకు శత్రువులే. ఇప్పుడు ఆలోచిస్తే నా అయోమయానికి మూలం ఆ పటమే అనిపిస్తుంది. మేము చదివిన పుస్తకాల్లోనూ, నింపిన ఫారాల్లోనూ, గోడ మీదా, పురుగు అంటే శత్రువు. ఏ పాపమూ ఎరగని పురుగుకు మా ఆఫీసులో చోటే లేదు. అందుచేత మా వరండాలో వాలిన దాన్ని చూడగానే నేను వేసుకున్న ప్రశ్న 'ఇది ఏమిటి' అని కాదు, 'ఇది దేన్ని తింటుంది' అని.

పటం అయ్యాక పెట్టె. గాజు మూత పెట్టెలో సూదులకు గుచ్చిన పురుగులు ఉండాలి. మూత తీసి చూస్తే సూదులున్నాయి, చీటీల మీద పేర్లున్నాయి, పురుగుల్ని మాత్రం చీమలు తినేశాయి. పురుగుల మీద ఆధారపడి బతికే ఆఫీసులో పురుగుల్ని కాపాడుకోలేకపోయామని అందరం నవ్వుకున్నాం.

ఆ తర్వాత ఒక ఇంగ్లీషు పుస్తకం. బొమ్మలు లేవు, వర్ణనలే. ఒకచోట రెక్కల మీద గాజులాంటి మచ్చలుండే గోధుమరంగు తల్లి పురుగు గురించి నాలుగు వాక్యాలున్నాయి. దాని పిల్లలు జీడిమామిడి ఆకులు తింటాయట. రెక్కల వెడల్పు మూడంగుళాలని రాశారు. నా డబ్బాలో ఉన్నది దానికి రెట్టింపు పైనే. ఇక్కడ నేను చేసిన ఆలోచన మీరు శ్రద్ధగా వినాలి, ఎందుకంటే మీరూ ఏదో ఒకరోజు ఇలాగే ఆలోచిస్తారు. 'మన వైపు వానలెక్కువ కదా, బాగా తిని పెద్దగా పెరుగుతుందేమో' అనుకున్నాను. కొలత సరిపోకపోతే పురుగుది తప్పన్నమాట, నాది కాదు.

మా ఆఫీసరుగారి దగ్గరకు పట్టుకెళ్లాను. ఆయన చెడ్డవారు కాదు. పొద్దున్నే అందరికంటే ముందు వచ్చేవారు, రైతును నిలబెట్టి మాట్లాడటం ఆయనకు నచ్చేది కాదు, కుర్చీ వేయించేవారు. కానీ ఆయనకొక నమ్మకం ఉండేది. మన గుమ్మం ఎక్కిన రైతు ఒక పేరూ ఒక మందూ లేకుండా దిగిపోకూడదని.

"ఏమిటది?" అన్నారు.

"ఇంకా తేలలేదండీ. జీడిమామిడి పురుగేమోనని అనుమానం."

"తేలలేదని రిపోర్టు ఎలా రాస్తాం? ప్రస్తుతానికి జీడిమామిడి అనే రాయండి. తేలాక మార్చుకోవచ్చు."

మా ఆఫీసులో 'ప్రస్తుతానికి' అని రాసినది ఏదీ మళ్లీ మార్చగా నేను చూడలేదు. ఆ సాయంత్రానికి నేను కూడా అనుమానం అన్న మాట మరిచిపోయాను.

అయినా మనసులో ఏదో గుచ్చుకుంటూనే ఉంది. పరిశోధనా కేంద్రానికి నమూనా పంపుదామని బిస్కెట్ల డబ్బాలో దూది పరిచి పురుగును పెట్టాను. పెడుతుంటే కుడి పక్క ముందు రెక్క ఊడి చేతిలోకి వచ్చింది. దాన్ని ఒక కవరులో దాచుకున్నాను. దారిలో చీమలు పట్టకుండా నాలుగు కలరా ఉండలు కూడా డబ్బాలో పడేసి, మూత బిగించి పోస్టు చేశాను. మూడు వారాలకు జవాబొచ్చింది. నమూనా పొడి రూపంలో అందిందనీ, పురుగునే పంపవలసిందనీ రాశారు. దారి పొడుగునా ఆ నాలుగు ఉండలూ డబ్బాలో దొర్లి దొర్లి దాన్ని నూరేశాయి. కలరా ఉండలు వేయాలంటే గుడ్డలో మూటగట్టి మూలకు కుట్టాలి. ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెబుతున్నాను.

ఇన్ని చోట్ల అడిగాను గానీ, మా పక్క వాటాలో ఉంటున్న ప్రసాదరావుగారిని అడగలేదు. రాజమండ్రి వైపు నుంచి కొత్తగా బదిలీ అయి వచ్చారు, పట్టు పరిశ్రమ ఆఫీసులో పని. పట్టు అంటే మల్బరీ ఆకు, తెల్ల పురుగు అనే నాకు తెలుసు. నర్సీపట్నంలో మల్బరీ తోటలు నాకెక్కడా కనపడలేదు కాబట్టి ఆయనకు పనేమీ ఉండదని తేల్చేశాను. ఇద్దరం రోజూ కొళాయి దగ్గర కలిసేవాళ్లం. నీళ్లు ఎన్నింటికి వదిలారు, ఎన్నింటికి కట్టేశారు, ఇదే మా మాట.

అప్పలనాయుడు సంచి

ఆ జవాబు వచ్చిన వారంలోనే అప్పలనాయుడు వచ్చాడు. కృష్ణదేవిపేట దగ్గర పల్లె అతనిది. వరి రైతు. ఆ ఏడాది కొయ్యూరు దారిలో, కొండ దిగువన ఒక జీడితోట కౌలుకు తీసుకున్నాడు. వారానికోసారి వెళ్లి చూసుకుని వచ్చేవాడు. సంచిలోంచి గుప్పెడు జీడాకులు తీసి బల్ల మీద పోశాడు. అంచులు చుట్టూ పళ్లు పళ్లుగా కొరికేసి ఉన్నాయి.

"కొత్త చిగురంతా ఇలాగే ఉన్నాది బాబూ. పూత రాకముందే ఆకు పోతే నా గతేటి?"

"పురుగు కనిపించిందా?"

"జీడి సెట్ల మీద కానరాలేదు. గట్టుకవతల మద్ది సెట్లున్నాయి, వాటి మీద సూసేను. బొటనేలంత లావు, పచ్చగా, ఒంటి మీద మచ్చలు. ఆకు మీద ఆకు నమిలేస్తన్నాయి. సూస్తే ఒళ్లు జలదరించింది."

నాకు ప్రాణం లేచి వచ్చింది. దాచుకున్న రెక్క తీసి చూపించి, "దీని పిల్లలే అవి. అడవి చెట్ల మీద పెరిగి తోటలోకి దిగుతున్నాయి," అన్నాను. ఇంటి గోడ మీద తల్లి, కొండ దిగువన పిల్లలు, పుస్తకంలో జీడిమామిడి. మూడూ కలిసిపోయాయి. ఆ కలవడంలో నాకు ఎంత ఆనందం కలిగిందో దాచుకోను. అప్పలనాయుడు ఆ రెక్కలోని అద్దం కన్నులోంచి నా ముఖం చూసి, "అమ్మో, పెద్ద సదువే సదివేరు బాబూ," అన్నాడు.

నేను తోటకు వెళ్లి చూడలేదు. ఆ రోజు జీపు లేదని, సైకిలు గొలుసు తెగిందని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. గొలుసు తెగిన మాట నిజమే. కానీ అసలు నిజం వేరు. పేరు దొరికాక ఇక పొలం చూడాల్సిన పనేముందనిపించింది. వెళ్లి ఉంటే జీడి కొమ్మను ఒక్కసారి గొడుగులోకి దులిపితే సరిపోయేది. గోరంత బూడిదరంగు ముక్కు పురుగులు పదో పరకో రాలేవి. ఆ కొరుకుడు వాటిది. దానికి మందు కూడా అక్కర్లేదు, చెట్టు తట్టుకుంటుంది.

నేను చీటీ రాసిచ్చాను. బి.హెచ్.సి. పురుగుమందు పొడి, పల్చటి గుడ్డ సంచిలో పోసి పొడుగాటి కర్రకు కట్టి దులపాలి. ఆకు మీద మంచు తడి ఉండగానే దులిపితే పొడి అంటుకుంటుంది, కాబట్టి తెల్లవారకముందే పని మొదలుపెట్టాలి. చీటీ మడిచి ఇస్తూ చివరికి ఒక మాట కలిపాను.

"తోటకు మాత్రమే కొడితే లాభం లేదు నాయుడూ. గట్టు అవతలి మద్ది చెట్లకు ముందు కొట్టు. మూలం అక్కడుంది."

ప్రసాదరావుగారి పెరడు

నాలుగో రోజున అప్పలనాయుడు పండిన చక్కెరకేళీ గెల పట్టుకుని వచ్చాడు. "ఒక్కటి మిగిల్తే ఒట్టు బాబూ. మద్ది సెట్ల కింద రాశులు పడ్డాయి," అన్నాడు. మా ఆఫీసరుగారు నా భుజం తట్టి, దీన్ని మిగతా సమితులకు కూడా రాసి పంపుదామన్నారు. ఆ రాత్రి మా ఇంట్లో అందరం చక్కెరకేళీలు తిన్నాం.

మర్నాడు ఆదివారం. కొన్ని పళ్లు ఇచ్చి రమ్మని మా ఆవిడ నన్ను పక్క వాటాకు పంపింది. ప్రసాదరావుగారు పెరట్లో నులకమంచం మీద కూర్చుని ఉన్నారు. ముఖం వాడిపోయి ఉంది. నేను అది గమనించలేదు. నా గొప్ప చెప్పుకోవాలన్న తొందరలో, జేబులోంచి కవరు తీసి రెక్క ఆయన అరచేతిలో పెట్టాను. దాని పేరు పట్టుకోవడానికి నేను పడ్డ పాట్లు, మద్ది చెట్ల మీద దాని పిల్లల్ని పట్టుకున్న తీరు, అన్నీ చెప్పుకుపోతున్నాను.

ఆయన రెక్కను చాలాసేపు చూశారు. లేచి లోపలి గది తలుపు తీశారు. గదిలో వాసానికి దండలు వేలాడుతున్నాయి. కోడిగుడ్డంత గట్టి గూళ్లు, బూడిదరంగువి, దారానికి గుచ్చి. అన్నిటికీ ఒక కొసన కన్నం ఉంది. గోడ మీద మేకుకు ఎండిన తల్లి పురుగొకటి వేలాడుతోంది. ఇటుక రంగు. నాలుగు కళ్లు.

"దసలి పట్టు," అన్నారాయన. "అడవి చెట్ల మీద పెంచే పట్టుపురుగు. మద్ది ఆకు తింటుంది. మీ గోడ మీద వాలింది మా గదిలోంచి తప్పించుకున్న మగ పురుగై ఉంటుంది. ఇక్కడ పెట్టిన గుడ్లే కొయ్యూరు దారిలో పోలమ్మ అనే ఆవిడకి ఇచ్చాను. ఈ వైపు ఇదే మొదటి పంట. నిన్న వెళ్లి చూసొచ్చాను. అన్నీ చచ్చిపోయాయి. ఎందుకో తెలియక పొద్దుట్నించీ ఇలా కూర్చున్నాను."

అప్పుడు కూడా నా బుర్రలో తిరిగింది ఒక్కటే ప్రశ్న. మగ పురుగు గుడ్లెలా పెడుతుంది, దాన్ని నేను తల్లి పురుగని ఎలా అన్నాను అని. మనిషి మనసు ఇలాంటప్పుడు ఎక్కడ దాక్కుంటుందో చూడండి.

"జబ్బేమో అనుకున్నాను," అన్నారు ప్రసాదరావుగారు. "చెట్ల కింద ఘాటు వాసన వేసింది. జీడితోట పక్కనే కదా, గాలికి వచ్చిందనుకున్నాను. చెట్లకే కొట్టారనుకోలేదు." రెక్కను తిరిగి నా చేతిలో పెట్టారు. "వారంలోగా నేను రిపోర్టు పంపాలండీ. జబ్బని రాస్తే ఆ చెట్ల మీద మళ్లీ పెంచనివ్వరు, పోలమ్మకి వచ్చే పంటకి గుడ్లివ్వరు. మా రూలు అంతే. మందు పడిందని మీ ఆఫీసు రాసిస్తే ఇస్తారు. ఏం చేయమంటారో మీరే చెప్పండి."

పోలమ్మ అడిగిన మాట

సోమవారం పొద్దున్నే ఆఫీసరుగారికి జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆయన తల పట్టుకున్నారు. "వాళ్లు అక్కడ పురుగులు పెంచుతున్నట్టు మనకు రాశారా? రాయలేదు. మనం మద్ది చెట్లకు కొట్టమన్నామని మనమెందుకు రాయాలి? పట్టు పురుగులకు జబ్బులు మామూలే. మన నోటి నుంచి మాట రాకూడదు." మనుషుల్ని కుర్చీ వేసి కూర్చోబెట్టే ఆయనే ఆ మాట అన్నారు. ఒకే మనిషిలో ఈ రెండూ ఎలా ఇముడుతాయో నాకు అప్పుడు తెలియలేదు. ఆ రోజే ఇంకాసేపటికి తెలిసింది.

పదకొండు గంటలకు గుమ్మంలో ఒకావిడ నిలబడింది. నలభై ఏళ్లుంటాయి. ముక్కుకు రెండు వైపులా పుడకలు, కాళ్లకు దుమ్ము. టేకాకు దొప్ప రెండు చేతులతో పట్టుకుని ఉంది. అలవాటు ప్రకారం బంట్రోతు కుర్చీ వేశాడు. ఆమె కూర్చోలేదు.

"బాబూ, నేను పోలమ్మని. మా పట్టుపురుగులు సచ్చిపోనాయి. పిట్టలు తినీకుండా నేనూ మా ఆయనా పొద్దల్లా కాపు కాసినాం. పొద్దోయి ఇంటికెల్లి, తెల్లారి వొచ్చి సూస్తే రాలిపోయున్నాయి. ఆకులకీ పురుగులకీ తెగులు సెప్పే బాబు ఇక్కడున్నారని సెప్పేరు. ఇదేటి తెగులో సూసి సెప్పండి."

దొప్ప బల్ల మీద పెట్టింది. మద్ది ఆకుల మధ్య బొటనవేలంత పచ్చటి పురుగులు, నల్లబడి, ముడుచుకుపోయి. ఆకుల మీద తెల్లటి పొడి ఇంకా మిగిలే ఉంది. ఆ వాసన గది నిండా కమ్ముకుంది. బి.హెచ్.సి. వాసన తెలిసిన వాళ్లకు నేను వర్ణించక్కర్లేదు, బూజు పట్టిన గోనెసంచిలో మొహం పెట్టినట్టుంటుంది. గుమాస్తాలందరూ తలలెత్తి చూశారు. అవతలి గదిలో మా ఆఫీసరుగారి కుర్చీ కిర్రుమంది.

నేను ఒక పురుగును చేతిలోకి తీసుకున్నాను. తిప్పి తిప్పి చూశాను. కాగితం మీద రుద్దాను. కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టాను. ఆ రోజు నేను ఆడిన నాటకం తలుచుకుంటే నా చేతులు నాకే అసహ్యమేస్తాయి.

"తెలియడం లేదమ్మా," అన్నాను.

ఎన్నేళ్లుగానో నాకు తెలియని వాటికి పేర్లు చెబుతూ వచ్చాను. తెలియదన్న మాట రైతుల ముందు ఒక్కసారి కూడా నా నోట రాలేదు. జీవితంలో మొదటిసారి ఆ మాట అన్నాను, అదీ సంగతి నాకు పూర్తిగా తెలిసినప్పుడు.

ఆమె నా ముఖం వైపు కొంతసేపు చూసింది. కోపంగా కాదు, పరీక్షగా. తర్వాత ఆకులు సర్దుకుని దొప్ప మూసి, "సరే బాబూ, ఎల్తాను," అని వెళ్లిపోయింది.

చదివి వినిపించడం

ఆ మధ్యాహ్నం అన్నం సయించలేదు. మా ఆవిడ అడిగితే అంతా చెప్పాను. ఆమె తిట్టలేదు. "ఆవిడ అంత దూరం నడిసొచ్చి అడిగితే తెలీదన్నారా?" అని మాత్రం అంది. రెండోసారి కూడా అదే అంది, ఆ మాట తనకే నమ్మశక్యం కానట్టు. నేను కంచం ముందునుంచి లేచి కాగితం తీశాను.

నాలుగు వాక్యాలు రాశాను. ఫలానా చోట మద్ది చెట్ల మీద పెంచుతున్న దసలి పట్టుపురుగులు ఏ జబ్బు వల్లా చావలేదు. నేను తోట చూడకుండా, పురుగును గుర్తు పట్టకుండా, ఆ చెట్లకు బి.హెచ్.సి. పొడి దులపమని రైతుకు చెప్పాను. అతను నేను చెప్పినట్టే చేశాడు. పెంచినవారి తప్పు ఇందులో ఏమీ లేదు. కింద నా పేరు, హోదా రాసి సంతకం పెట్టాను. రెండు ప్రతులు రాసి ఒకటి ప్రసాదరావుగారికి ఇచ్చాను, ఇంకొకటి నా దగ్గర ఉంచుకున్నాను. ఆయన దాన్ని తన రిపోర్టుకు జత చేశారు. మళ్లీ వానలు మొదలయ్యాక పోలమ్మకు గుడ్లు అందాయి. మా ఆఫీసులో దాని గురించి ఏమైందన్నది కాగితాల గొడవ, అది రాయనని ముందే చెప్పాను.

ఒక్క సంగతి మాత్రం నాకు ఇప్పటికీ తేలలేదు. గట్టుకవతల మనుషులు పగలంతా పిట్టల్ని తోలుతూ కాపు కాస్తుంటే, వారానికోసారి తోటకు వెళ్లే అప్పలనాయుడు వాళ్లను చూడలేదా? చూసి ఉంటే నాకెందుకు చెప్పలేదు? ఎన్నోసార్లు అడగబోయి మానేశాను. అడిగే హక్కు నాకుందో లేదో తెలియలేదు. ఆ చీటీ మీద సంతకం నాది.

ఆ కాగితం రాసిన మూడో రోజు సైకిలు బాగుచేయించుకుని కొయ్యూరు దారి పట్టాను. ఎప్పుడో వెళ్లాల్సిన చోటు. మద్ది చెట్ల కింద పోలమ్మ ఒక్కతే ఉంది. చచ్చిన పురుగుల్ని ఊడ్చి గోతిలో పోసి మట్టి కప్పుతోంది. నన్ను చూసి చేతులు దులుపుకుని నిలబడింది.

"అమ్మా, అవి తెగులుతో చావలేదు. నేను మందు కొట్టించాను. ఆ రోజు నాకు తెలుసు. తెలిసే తెలియదన్నాను."

"నాకూ తెలుసు బాబూ," అంది. "ఆ పొడి వాసన మాకు తెలీదేటి? సంతలో అమ్ముతారు కదా. సెట్టెక్కి దులిపినోల్ల కాలి గుర్తులు కూడా సూసేను."

"మరి తెగులేమిటని ఎందుకడిగావు?"

"సెప్తారేమోనని వొచ్చేను."

నేను జేబులోంచి కాగితం తీసి ఇచ్చాను. ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి తిరిగి నా చేతిలో పెట్టింది.

"నాకు సదువు రాదు. ఏటి రాసేరో సదవండి."

చెట్ల కింద నిలబడి చదివాను. రాయడం సులువే, గదిలో ఒక్కణ్నే కూర్చుని రాశాను. చదవడం చాలా కష్టమైంది. రెండో వాక్యాన్ని రెండుసార్లు మొదలుపెట్టాల్సి వచ్చింది. అయినా సంతకం దాకా చదివాను. ఈలోగా గట్టు మీద నుంచి ఆమె భర్త గొడ్డలి భుజాన వేసుకుని దిగి వచ్చాడు. ఎవరీయన అన్నట్టు పోలమ్మ వైపు చూశాడు. ఆమె అతన్ని నా ఎదురుగా ఒక రాయి మీద కూర్చోమని సైగ చేసింది, తనూ పక్కన కూర్చుంది.

"మా ఆయన ఇనలేదు బాబూ," అంది. "మల్లీ సదవండి. కొంచెం గట్టిగా."

మళ్లీ మొదటి నుంచి చదివాను.